పన్నెండో పాయింటు

మా ఆయన లైసెన్సు మీద పదకొండు పాయింట్లున్నాయి. పన్నెండోది పడితే లైసెన్సు రెండేళ్ళు పోతుంది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నం ఉడుకుతున్నా, ఎవరో తలుపు తట్టినా, నా బుర్రలో ఉన్నది ఇదొక్కటే.

ఆయన పేరు త్రిమూర్తులు. రంపచోడవరం నుంచి ఘాటు రోడ్డు మీదుగా పైఊళ్ళకి పద్నాలుగు సీట్ల వ్యాను తోల్తారు. నా పేరు సత్యవేణి. ఘాటు కిందే ఉన్న రోడ్డు భద్రత పరిశోధనశాలలో టెక్నీషియన్ని. అంటే పాయింట్లు వేసే యంత్రాన్ని తయారుచేసిన చోట నేను, ఆ పాయింట్లు పడే చోట మా ఆయన. చుట్టాలందరికీ ఇదో వేళాకోళం. "ఏమే, రాత్రి కూర బాగోలేదన్నాడని మొగుడికి పాయింటు వేశావా?" అనేవారు. నేనూ నవ్వేదాన్నే, మొదట్లో.

రూలు తెలియని వాళ్ళకి చెప్తాను. సిగ్నలు దాటితే రెండు, సెల్లు మాట్లాడితే మూడు, తాగి దొరికితే ఆరు. పడ్డ పాయింటు రెండేళ్ళు కదలదు. ఆ రెండేళ్ళలో పన్నెండు నిండాయంటే మొదటిసారి ఏడాది సస్పెన్షను, రెండోసారి రెండేళ్ళు, మూడోసారి ఇక ఈ జన్మకి లైసెన్సు లేనట్టే. క్లాసుకెళ్ళి రెండ్రోజులు కూర్చుంటే మూడు తగ్గిస్తారు, అదీ ఒక్కసారే. ఆ ఒక్కసారీ మా ఆయన ఎప్పుడో వాడేసుకున్నారు.

మొదటి సస్పెన్షను కూడా అయిపోయింది, నాలుగేళ్ళ కిందట. ఆ ఏడాదంతా మనిషి గోడవైపు తిరిగి కూర్చున్నారు. పలకరిస్తే ఊఁ కొట్టేవారు కాదు. ఓ మధ్యాహ్నం పెరట్లోకి వెళ్తే, కొబ్బరి చెట్టు వేళ్ళకి కట్టే పురుగుమందు డబ్బా చేత్తో పట్టుకుని నించున్నారు. మూత తియ్యలేదు. "చెట్టుకి కడదామని" అన్నారు. చెట్టుకి కట్టి అప్పటికి వారమే అయింది. నేనేమీ అనకుండా డబ్బా తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను.

అందుకే పదకొండు అంటే నాకు భయం.

ఆ పదకొండులో ఏడు ఆయన సొంతం. స్పీడుకి మూడు, మలుపులో ఓవర్‌టేకు చేసినందుకు నాలుగు. అవి సంపాదించుకున్నవే, వెనకేసుకురాను. మిగతా నాలుగూ ఘాటులో తొమ్మిదో మలుపు దగ్గర పడ్డవి. వాటి సంగతి చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలెట్టాలి.

మూడేళ్ళ కిందట మా సోమయాజులుగారు, ఆయనే మా పరిశోధనశాలకి పెద్ద, స్టీరింగుకి తొడిగే నల్లటి తొడుగొకటి తయారుచేశారు. దాని లోపలంతా వెంట్రుక మందం తీగలు. అరచేతులు ఎక్కడున్నాయి, ఎంత గట్టిగా పట్టుకున్నాయి, ఎప్పుడు వదిలాయి, అంతా దానికి తెలిసిపోతుంది. తెలిస్తే సరా? ఏది మంచి పట్టో ఏది కాదో దానికెవరు చెప్పాలి? "పుస్తకాల్లో రాసింది పనికిరాదమ్మా. ఒక మంచి డ్రైవరు చెయ్యి కావాలి. ఆ చేతిని చూసి ఇది నేర్చుకోవాలి" అన్నారాయన.

"మా నాన్నున్నారండీ" అన్నాను నేను, ఆగలేక.

మా నాన్న నూకరాజు. ముప్ఫై నాలుగేళ్ళు ఆ ఘాటులోనే కలప లారీ తోలారు. బండికి చిన్న గీత పడలేదు. పోలీసు చేత ఒక్క చీటీ రాయించుకోలేదు. సోమయాజులుగారు ఎగిరి గంతేశారు. యంత్రానికి 'గురుహస్తం' అని పేరు కూడా అప్పుడే పెట్టారు.

నాన్న పరిశోధనశాల వ్యానులో ఇరవయ్యారుసార్లు ఘాటెక్కి దిగారు. నేను వెనక సీట్లో తెర పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన చెయ్యి ఎక్కడైనా మామూలు కన్నా తేడాగా కదిలితే తెర మీద ఎర్రదీపం వెలిగి 'ఒప్పా? తప్పా?' అని అడుగుతుంది. నేను నొక్కాలి. అదీ నా ఉద్యోగం. ముక్కు గోక్కుంటే తప్పు. గేరు మారిస్తే ఒప్పు. అంతే, పెద్ద విద్యేం కాదు.

తొమ్మిదో మలుపు దగ్గర, సరిగ్గా బండి తిరుగుతుండగా, నాన్న కుడి మోచెయ్యి పైకి లేచేది. వెనకనుంచి నాకు భుజం, మోచెయ్యి, అంతే కనిపించేవి. మలుపు లోపల బండరాయి కింద పసుపు రాసిన నూకాలమ్మ ఉంది. మా నాన్నకి ఆ తల్లి పేరే పెట్టారు. మిగతా డ్రైవర్లందరూ అక్కడ స్టీరింగు వదలకుండా "అమ్మా నూకాలమ్మా" అని నోటితో అనుకుంటారు. నాన్న చెయ్యెత్తి దణ్ణం పెడతారన్నమాట, అనుకున్నాను.

ఎర్రదీపం వెలిగింది. ఒప్పా? తప్పా?

అమ్మవారికి పెట్టే దణ్ణం తప్పని ఏ వేలితో నొక్కమంటారు? అందులోనూ అది మా నాన్న చెయ్యాయె. లెంపలేసుకుని ఒప్పు నొక్కాను. ఇరవయ్యారుసార్లూ ఒప్పే నొక్కాను.

తొడుగులు కిందటేడు అన్ని బళ్ళకీ వచ్చాయి. మొదట్లో ఊరికే రాసుకునేవి, పాయింట్లు వెయ్యడం తర్వాత మొదలెట్టాయి. నిజం చెప్పాలంటే మంచే జరిగింది. చేతులు వదిలేసి ముచ్చట్లాడే డ్రైవర్లు ఒళ్ళు దగ్గర పెట్టుకున్నారు, ఘాటులో ప్రమాదాలు సగానికి సగం తగ్గాయి. సోమయాజులుగారు నా చేతికి పూతరేకుల పెట్టె ఇచ్చి "మీ నాన్నగారి పుణ్యం" అన్నారు. అది తీసుకుని ఇంటికెళ్తే మా ఆయన మొహం వేలాడేసుకుని ఉన్నారు.

"తొమ్మిదో మలుపులో పాయింటు పడిందే."

"ఏం చేశారేంటి?"

"ఏం చెయ్యలేదే బాబూ! రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. అమ్మతోడు."

నమ్మలేదు. మగాళ్ళు బండి దగ్గర ఏం చేశారో ఎప్పుడు ఒప్పుకున్నారు కనక? ఒకచోట ఒకే తప్పుకి నెలకి ఒక్క పాయింటే వెయ్యాలన్నది రూలు. ఆయనకి వరసగా నాలుగు నెలలు, నెలకొకటి పడింది. ఘాటు డ్రైవర్లందరికీ అలాగే పడుతోంది. యంత్రం ఎక్కడ తప్పు జరిగిందో చెప్తుంది గాని ఏం తప్పో చెప్పి చావదు. 'పట్టు తప్పు, ఒక పాయింటు' అని ఓ ఆడగొంతు, అంతే.

అయిదో నెలలో నవ్వుతూ వచ్చారు. "గుట్టు తెలిసిపోయిందే. నూకాలమ్మకి చెయ్యెత్తి దణ్ణం పెట్టినోళ్ళకి పాయింటు పడట్లేదంట. అందరం పెట్టేస్తున్నాం. యంత్రానికి కూడా అమ్మవారంటే భయమే!"

నేను నవ్వాను. నా ఒళ్ళంతా చల్లబడాల్సిన మాట అది, నేనేమో నవ్వి, మజ్జిగ పోశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పదిరోజులకి, మా ఆయనతోపాటు ఘాటులో తోలే గంగరాజు జీపు తొమ్మిదో మలుపులోంచి లోయలోకి పోయింది. గంగరాజు మా ఆయన కంటే పదేళ్ళు చిన్న. జీపులో ఇంకో ఇద్దరున్నారు. ముగ్గురూ పోయారు.

మర్నాడు పొద్దున్న ఆ జీపు తొడుగు తాలూకు రికార్డు నా తెర మీదకి వచ్చింది. ప్రతి ప్రమాదానికీ అలా వస్తుంది. ఎనిమిదో మలుపు, రెండు చేతులూ ఉన్నాయి. తొమ్మిదో మలుపు, కుడిచెయ్యి లేచింది. ఒక సెకను. రెండో సెకనులో ఎడమచెయ్యి జారింది. తర్వాత తొడుగు మీద చేతుల్లేవు. కింద ఒక వాక్యం ఉంది: 'ఈ ప్రయాణంలో తప్పులు: సున్నా.'

ఆ కుడిచెయ్యి లేచిన తీరు నేను ఇరవయ్యారుసార్లు చూసిందే. మా నాన్న చెయ్యి కొండంతా పాకింది. ఒప్పు నొక్కింది నేను.

సోమయాజులుగారి దగ్గరికెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ. ఆ మలుపులో యంత్రాన్ని ఆపెయ్యండి."

"నా చేతుల్లో లేదమ్మా. గురుహస్తం మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. ఆరునెలలకోసారి కూర్చుంటుంది, మొన్ననే కూర్చుని లేచింది." "ఒక్క దారుంది. గురువు చేతి మీద గురువు చెయ్యే పడాలి. మీ నాన్నగారు ఒక్కసారి ఆ మలుపు రెండు చేతులతో తిరిగితే, పాత రికార్డు మీద కొత్తది ఎక్కించేస్తాను. తర్వాత కమిటీ నన్నేం చేసినా సరే. అక్కడ అన్యాయంగా పడ్డ పాయింట్లన్నీ రద్దయిపోతాయి."

మా ఆయనకి పడ్డ నాలుగూ అందులో ఉన్నాయి. ఆ రాత్రే నాన్నకి ఫోను చేశాను.

"నాన్నా, ఆదివారం ఓసారి ఘాటెక్కాలి. తొమ్మిదో మలుపులో ఈసారి చెయ్యి తియ్యకూడదు."

లైను పోయిందేమో అనుకున్నాను. చాలాసేపటికి "సరేనమ్మా" అన్నారు.

అది మంగళవారం. ఆదివారం దాకా నోరు మూసుకుందామనుకున్నాను. నీ పాయింట్లు నా మూలంగా పడ్డాయి, గంగరాజు నా మూలంగా పోయాడు అని కట్టుకున్నవాడితో ఎలా చెప్పను? పిరికిదాన్ని. కాని గురువారం పొద్దున్న కుండపోత వాన. పైగా కొత్త నెల మొదలైంది, అంటే తొమ్మిదో మలుపు మళ్ళీ పాయింటు వేస్తుంది. ఆయన బండి తీస్తున్నారు. ఫోను చేసి చెప్దామంటే, నడుపుతూ ఫోనెత్తితే మూడు పాయింట్లు. ఇంట్లో ఉండలేకపోయాను.

"నేనూ వస్తాను."

"వానలో పైకి నీకేం పనే?"

"చింతపండు కొనాలి" అన్నాను. ఏదో ఒకటి అనాలిగా. ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. వెనక పదకొండుమంది జనం, ఒకావిడ ఒళ్ళో రెండు కోళ్ళు.

రోడ్డు మీద ఎర్రనీళ్ళు అడ్డంగా పారుతున్నాయి. ఏడో మలుపులో అన్నాను, వెనకవాళ్ళకి వినపడకుండా.

"ఏవండీ, ఇవాళ చెయ్యి తియ్యకండి."

"మతిపోయిందా? తియ్యకపోతే పన్నెండు."

"అది అమ్మవారు కాదండీ. నేను. అక్కడ మా నాన్న చెయ్యి లేపుతుంటే ఒప్పని నొక్కింది నేనే. యంత్రం అదే నేర్చుకుంది."

ఆయన నావైపు చూడలేదు. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. వైపరు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది.

"గంగరాజు?" అన్నారు.

"ఊఁ."

ఎనిమిదో మలుపు దాటాం. "రెండేళ్ళు, వేణీ" అన్నారు. ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు. "రెండేళ్ళు నేను ఉండలేను. నీకు తెలుసు."

తెలుసు. పురుగుమందు డబ్బా నా కళ్ళముందే ఉంది. తియ్యమంటే వెనక పదకొండుమంది, వద్దంటే ఈయన. ఏది అడిగినా పాపమే. ఆదివారం సంగతి చెప్పేలోగానే తొమ్మిదో మలుపు వచ్చేసింది. ఆయన కుడిచేతి వేళ్ళు విచ్చుకున్నాయి. అరచెయ్యి తొడుగు మీంచి లేస్తోంది. పట్టుకుని ఆపుదామంటే బండే తిరగబడుతుంది. వెనక కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది.

వేళ్ళు మళ్ళీ మూసుకున్నాయి. వెనకచక్రం నీళ్ళలో జారింది, ఆయన రెండు చేతులతోనూ స్టీరింగు లాగి పట్టుకున్నారు. ఒక్క చేత్తో అయితే లాగలేకపోయేవారు. బండి తిరిగింది.

"పట్టు తప్పు. ఒక పాయింటు" అంది ఆడగొంతు. "పన్నెండు పాయింట్లు పూర్తయ్యాయి. పదిహేను నిమిషాల్లో బండిని సురక్షితమైన చోట ఆపండి."

పైన వెడల్పాటి జాగాలో ఆపి, తాళంచెవి నా ఒళ్ళో పడేశారు. జనం గొణుక్కుంటూ వానలో దిగి, వేరే బండికోసం నించున్నారు. తమ ప్రాణాలు దక్కిన సంగతి వాళ్ళలో ఒక్కరికీ తెలీదు. ఆయన వెళ్ళి ఓ రాయి మీద కూర్చున్నారు, కొండవైపు తిరిగి. అప్పటినుంచి మాట్లాడలేదు.

శుక్రవారం, ఆదివారానికి పాయింట్లు రద్దవుతాయని చెప్పినా మాట్లాడలేదు. శనివారం అన్నం కలిపి పెట్టినా తినలేదు. నేను పెరటి తలుపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. ఆయన కాలకృత్యాలకి వెళ్ళినా బయట నించుని అడుగుల చప్పుడు వినేదాన్ని. ఆదివారం ఒక్కటే నా దేవుడు. నాన్న ఒక్కసారి రెండు చేతులతో మలుపు తిరిగితే చాలు, నాలుగూ, మొన్న పడ్డదీ పోయి, ఏడుకి దిగిపోతాయి. రెండేళ్ళూ ఉండవు, ఏమీ ఉండదు.

ఆదివారం ఎండగా ఉంది. ఆయన్ని ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకెళ్ళాను. పరిశోధనశాల వ్యానులో వెనక సీట్లో కూర్చున్నారు, కిటికీ వైపు తిరిగి. ఈసారి నేను ముందు, నాన్న పక్కన. తెర నా ఒళ్ళోనే ఉంది. గంగరాజు సంగతీ, పాయింట్ల సంగతీ నాన్నకి బయల్దేరేముందే చెప్పేశాను.

అరవయ్యెనిమిదేళ్ళ మనిషి. ఆ పట్టు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఎనిమిది మలుపులూ వెన్నలో వేలు తిప్పినట్టు తిప్పేశారు. "అల్లుడుగారు దిగులు పడకండి. ఇవాళతో అయిపోద్ది" అన్నారు అద్దంలోకి చూసి.

తొమ్మిదో మలుపు. "నాన్నా, రెండు చేతులు" అన్నాను. "ఆఁ ఆఁ" అన్నారు. నుదుటి మీద చెమట పట్టింది. ఎడమచెయ్యి బిగిసింది. కుడిచెయ్యి, వద్దు వద్దంటున్నా లేచినట్టు, లేచింది.

మొదటిసారి నేను దాన్ని ముందునుంచి చూశాను. అది దణ్ణం కాదు. అమ్మవారి వైపు వెళ్ళలేదు, గుండెల మీదకి వెళ్ళలేదు. అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు ఒక్క గీత పడని మా నాన్న, తొమ్మిదో మలుపులో కళ్ళు మూసుకుని బండి తిప్పారు.

పైన జాగాలో ఆపారు. స్టీరింగు మీద తల పెట్టేశారు.

"అబ్బులు గుర్తున్నాడామ్మా? నా స్నేహితుడు. నీకు నాలుగేళ్ళప్పుడు నా కళ్ళముందే వాడి లారీ అక్కడినుంచి పోయింది. అద్దంలోంచి నావైపు చూస్తూ పోయాడమ్మా. అప్పట్నుంచి ఆ మలుపొస్తే చూడలేను. ఒక్క సెకను. ఎవరికి చెప్పను? డ్రైవరుకి భయమంటే ఎవడు బండిస్తాడు?"

"నేను దణ్ణం అనుకున్నాను నాన్నా."

"అందరూ అలాగే అనుకున్నారు. నేను కూడా పోనీలే అనుకున్నాను." ముక్కు చీదుకున్నారు. "ఆ యంత్రానికి నేర్పింది నా భయమే అయితే, నేనే కదమ్మా వాళ్ళని..." మాట పూర్తి కాలేదు. తాళం తీసి నా చేతిలో పెట్టారు. "నేనిక దించలేను. మళ్ళీ ఆ మలుపే కదా రావాలి."

ఎలా దిగాలి? అక్కడ సెల్లు సిగ్నలుండదు. లైసెన్సు పోయింది కనక మా ఆయన అరచెయ్యి పెడితే తొడుగు ఒప్పుకోదు, బండి కదలదు. మిగిలింది నేను. నాకు లైసెన్సుంది, ఊళ్ళో తోల్తాను. పాయింట్లు సున్నా. ఘాటు మాత్రం ఎప్పుడూ దిగలేదు.

సీటు ముందుకి జరుపుకుని కూర్చున్నాను. మొదటి గేరులోనే దింపుతున్నాను, బ్రేకు మీంచి కాలు తియ్యడానికి కూడా భయమేస్తోంది. మలుపు మొదట్లో నూకాలమ్మ పసుపు కనిపించింది, దానికి అవతల లోయవైపు గంగరాజు జీపు విరగ్గొట్టిన గట్టు. ఎదర కిందనుంచి ఓ జీపు వస్తోంది. అందులో డ్రైవరు మొహం కనపడలేదు. అరచెయ్యి మాత్రం కనిపించింది, పైకి లేచి ఉంది. జీపు నావైపు జరుగుతోంది.

నా కుడిచెయ్యి దానంతటది లేవబోయింది. నాకూ చూడకూడదనిపించింది. నాన్న భయం నాలో కూడా ఉందని అప్పుడే తెలిసింది.

"తియ్యకే" అన్నారు మా ఆయన వెనకనుంచి. మూడు రోజుల తర్వాత మొదటి మాట. రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి వంగి, నా చెవి దగ్గరే, నెమ్మదిగా చెప్తున్నారు. "తియ్యకు వేణీ. నేనున్నాను. కొండవైపు తిప్పు. ఇంకా. ఇంకా. ఇంకొంచెం. అలాగే పట్టుకో."

జీపు అద్దం మా అద్దానికి రాసుకుంటూ పోయింది. బండి తిరిగింది. నా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"పట్టు తప్పు. ఒక పాయింటు" అంది ఆడగొంతు.

నా మొదటి పాయింటు. నాకు మూడేళ్ళ కిందటే పడాల్సింది.

మా ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది. పక్కన నాన్న ఇంకా అరచెయ్యి కళ్ళ మీదే పెట్టుకున్నారు. "అయిపోయిందామ్మా?" అని అడిగారు.

అద్దంలోంచి ఆ జీపు వెనకభాగం చూశాను, మలుపు తిరిగి క్షేమంగానే పైకెక్కింది. కిందికి చూశాను. ఎనిమిదో మలుపు దగ్గర బస్సొకటి ఘాటెక్కుతోంది, దాని వెనక ఇంకో వ్యాను, ఆ వెనక లారీ.

"లేదు నాన్నా" అన్నాను. హారను మీద చెయ్యి పెట్టి, తియ్యకుండా మోగిస్తూ దిగాను.